డల్సీ అక్క పెంచిన గంజాయి

పీటర్స్ కోవ్, న్యూఫౌండ్‌ల్యాండ్
2023 ఏప్రిల్ 24

సెల్బీకి,

చింపకు. ఫోన్ చేద్దామనుకున్నాను కానీ నా గొంతు వినగానే పెట్టేస్తావని మానేశాను. ఉత్తరమైతే చింపడానికైనా చేతిలోకి తీసుకోవాలి కదా, ఈలోగా కళ్ళు ఊరుకోవు.

నేను నీ అక్కను. గుర్తు చేయాల్సి వస్తోంది. అమ్మను మట్టి చేసిన రోజు వచ్చినవాళ్ళందరి చేతులూ పట్టుకుని పలకరించావు, చివరికి గొయ్యి తవ్వినాయన్ని కూడా. నా దగ్గరికొచ్చేసరికి నీకు షూ లేసు ఊడింది.

సంగతేమిటంటే, 1981లో బంగాళాదుంపల తోట వెనకాల నువ్వు పెంచుకున్న గంజాయి మొక్కను నేను పీకాను. పీకింది నేను కాబట్టి ఒకటి పెంచి నీకిస్తాను. ఇప్పుడిది నేరం కాదు, ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చని ప్రభుత్వమే చెప్పింది. క్లారెన్‌విల్ వెళ్ళి టెంటు కొన్నాను. బీరువా అంత ఉంది, ముందు జిప్పు, లోపలంతా వెండిరేకులా మెరుస్తుంది. నీ గదిలో, నీ మంచం ఉండే చోట నిలబెట్టాను. లైటు, ఫ్యాను, రెండు గింజలు కూడా తెచ్చాను. ఎలా పెంచాలమ్మా అని కొట్టు ఆవిడను అడిగితే ఇన్ని సీసాలు చూపించింది, ఒక్క ముక్క అర్థం కాలేదు.

యాభై ఏళ్ళుగా తోట చేస్తున్నాను, ఇంట్లో మాత్రం పిల్లిని తప్ప ఏదీ పెంచలేదు. నువ్వు చెబితే చేస్తాను. నాతో మాట్లాడమని అడగడం లేదు. మొక్క గురించి చెప్పు చాలు. అది చేతికొచ్చాక మాట్లాడాలనిపిస్తే అప్పుడు చూద్దాం.

నీకు ఇష్టమున్నా లేకపోయినా నీ అక్క,
డల్సీ


ఫోర్ట్ మక్‌ముర్రే, ఆల్బెర్టా
మే 5

డల్సీ,

గింజల్ని ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టు. మర్నాడు చిన్న కప్పుల్లో మట్టి పోసి, వేలి గోరంత లోతున పెట్టు. లైటుకు టైమరు తగిలించు, రోజుకు పద్దెనిమిది గంటలు వెలగాలి. నీళ్ళు రోజూ పోయకు. కొత్తవాళ్ళ మొక్కలు ఎండి చావవు, మునిగి చస్తాయి. కప్పు ఎత్తి చూసి, తేలిగ్గా ఉంటేనే పొయ్యి.

మొక్క గురించి ఇంతే.

ఒక్క ప్రశ్న. ఎందుకు పీకావు?

ఇంకొకటి. ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకు? జబ్బేమైనా చేసిందా?

సెల్బీ


పీటర్స్ కోవ్
మే 18

సెల్బీకి,

'డల్సీ' అని మొదలుపెట్టావు. నీకంటే ఏడేళ్ళు పెద్దదాన్ని, నీ ముక్కు తుడిచి బడికి పంపినదాన్ని. సరే, ఆ సంగతి వదిలేస్తున్నాను. ఈసారికి.

జబ్బు లేదు, గిబ్బు లేదు. అరవై ఎనిమిదేళ్ళకు కట్టెలు నేనే కొట్టుకుంటున్నాను.

ఇక నీ మొదటి ప్రశ్న. అది అడగడానికి నీకు నలభై రెండేళ్ళు పట్టింది. ఆ రోజు వంటింటి గుమ్మంలో నిలబడి "పీకావా?" అన్నావు. "పీకాను," అన్నాను. ఎందుకు అని నువ్వు అడగలేదు. మర్నాడు రేవులో ఊరంతా వింటుండగా నన్ను పాము అన్నావు, పడవెక్కావు. నా దగ్గర జవాబుంది, ఎక్కడికీ పోదు. మొక్క కోతకొచ్చాక చెబుతాను. ఇన్నేళ్ళు ఆగినవాడివి ఆరు నెలలు ఆగలేవా?

రెండు గింజలూ మొలిచాయి. నాలుగో రోజు పొద్దున్న టీ పట్టుకుని వెళ్ళి జిప్పు తీశాను. మట్టిలోంచి తల వంచుకుని రెండూ లేస్తున్నాయి. నాకు ఎంత సంతోషం వేసిందంటే టీ చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను. పక్కింటి ట్రిఫీ, ఆ గదిలో లైటేమిటి అని అడిగింది. టమాటాలన్నాను. చట్టం ఒప్పుకున్నా ట్రిఫీ ఒప్పుకోవద్దూ.

బోసన్‌కు టెంటు నచ్చలేదు. బోసన్ అంటే నా పిల్లి.

నీళ్ళు తక్కువే పోస్తున్న
డల్సీ


ఫోర్ట్ మక్‌ముర్రే
జూన్ 2

డల్సీ,

దీన్ని బెదిరింపు అంటారు. ఆగుతాను, వేరే దారి లేదు కాబట్టి.

అయిదు జతల ఆకులొచ్చాక పెద్ద కుండీల్లోకి మార్చు. వేళ్ళు కదలకుండా మట్టిగడ్డతో సహా ఎత్తి పెట్టాలి. మంచి మట్టి, మంచి ఎరువు వెయ్యి. ఎరువు గురించి నీకు నేను చెప్పాలా, నీ చేతి టర్నిప్పు దుంపల్ని ఊరంతా చూడ్డానికొచ్చేవాళ్ళు.

నిరుడు ట్రక్కు దిగిపోయాను. ముప్పై ఎనిమిదేళ్ళు నడిపాను, ఇల్లంత ట్రక్కు అది. ఇప్పుడు పొద్దున్నే మెలకువ వస్తుంది, వెళ్ళాల్సిన చోటు ఉండదు. మౌరీన్‌తో విడాకులై చాలా ఏళ్ళయింది, అది నీకు అమ్మ చెప్పే ఉంటుంది.

నాన్న చేపల కొట్టం పైకప్పు ఇంకా ఉందా?

సెల్బీ


పీటర్స్ కోవ్
జూలై 8

సెల్బీకి,

ఉంది. నేనే ఎక్కి రేకులు కొట్టాను. ట్రిఫీ కింద నిలబడి, పడతావే పడతావే అని అరుస్తూనే ఉంది. పడలేదని దానికి కొంచెం నిరాశ.

మొన్న గురువారం కేప్లిన్ చేపలు ఒడ్డుకొచ్చాయి. చాలా ఏళ్ళకు ఇన్ని వచ్చాయి. ప్రతి కెరటమూ వెండిలా వచ్చి మన కాళ్ళ మీద గుమ్మరించి పోవడమే. ఊరంతా బకెట్లతో, వలలతో, మోకాళ్ళ దాకా నీళ్ళలో. ట్రిఫీ స్కర్టు దోపుకుని ఈదినంత పని చేసింది. కొన్ని వేయించుకు తిన్నాను, కొన్ని ఉప్పేసి ఎండబెట్టాను, మిగతావి తోటకు. నీకు అయిదేళ్ళప్పుడు వాటిని చొక్కాలో వేసుకుని తెచ్చి, అమ్మ పక్కలో పోసేవాడివి.

అదే రోజు మొక్కల్ని పెద్ద కుండీల్లోకి మార్చాను. నువ్వు చెప్పినట్టే మంచి మట్టి, మంచి ఎరువు. లైటు కింద లోపల వెచ్చగా బాగుంది. ఇవాళ పొద్దున్న జిప్పు తీస్తే వాసన మొదలైంది. ఇది ఇంత తొందరగా వస్తుందా?

డల్సీ


ఫోర్ట్ మక్‌ముర్రే
జూలై 16

డల్సీ,

అప్పుడే వాసనా? ఏడెనిమిది వారాలకే? నేను నా జన్మలో వినలేదు. ఏ జాతి గింజలిచ్చిందో ఆ కొట్టావిడ, దణ్ణం పెట్టాలి ఆమెకు. ఆ వాసనలోనే ఉంటుంది గొప్పంతా. ఎంత ఘాటుగా ఉంటే అంత మంచి సరుకు. ఇక్కడ నా పాత ట్రక్కు స్నేహితుడు హ్యూబర్ట్ తన నేలమాళిగలో పెంచుతాడు, నీ ఉత్తరం చదివి వినిపిస్తే నమ్మలేదు. మా అక్క సంగతి నీకు తెలియదురా అన్నాను.

ఇరుగుపొరుగుకు ఇబ్బంది అయితే బొగ్గు ఫిల్టరు ఒకటి కొను. వాసన చూసి భయపడి ఏదీ పీకెయ్యకు. ఈ మాట ఊరికే అన్నాను.

సెల్బీ


పీటర్స్ కోవ్
జూలై 27

సెల్బీకి,

ఊరికే అన్నావని నాకూ తెలుసులే.

నీ ఉత్తరం చదివి గర్వంతో ఒక అంగుళం ఎత్తు పెరిగాను. వాసన మామూలుగా లేదురా తమ్ముడూ. మెట్ల మీదకొచ్చింది, వంటింట్లోకొచ్చింది, నా చర్చి కోటులోకి దూరింది. ఆదివారం నా బెంచీలో నేనొక్కదాన్నే కూర్చున్నాను. బొగ్గు ఫిల్టరు తగిలించాను, అది రెండు రోజులు పోరాడి ఓడిపోయింది. ఎంత ఘాటుగా ఉంటే అంత మంచిదని నువ్వన్నావు కాబట్టి నోరు మూసుకుని, ముక్కు మూసుకుని భరిస్తున్నాను.

ఊళ్ళో పిల్లులన్నీ నీ గది కిటికీ కింద చేరుతున్నాయి. నిన్న పదకొండు లెక్కపెట్టాను. బోసన్ టెంటుకు గోళ్ళేసి వేలాడుతున్నాడు. ఈగలు సరేసరి. ట్రిఫీ తట్టుకోలేక, "డల్సీ, నీ ఇంటి కింద ఏదో చచ్చింది. చూడకపోతే నువ్వూ చస్తావు," అని వాళ్ళాయన్ని టార్చిలైటుతో నేల కిందికి పంపింది. పాపం గంటసేపు పాకి పాకి, పాత బూటు ఒకటి పట్టుకుని బయటికొచ్చాడు. నేను టమాటాలంటూనే ఉన్నాను.

ఒక్కటే దిగులు. ఆకుల అంచులు మాడుతున్నాయి, కొసలు వంకర తిరుగుతున్నాయి. చిన్నది నిన్న వాలిపోయింది. పెద్దది నిలబడింది కానీ దాని మొహం బాగాలేదు. ఈసారి కూడా నీ మొక్క నా చేతిలోనే పోతుందేమోనని రాత్రి నిద్ర పట్టలేదు. త్వరగా రాయి.

డల్సీ


ఫోర్ట్ మక్‌ముర్రే
ఆగస్టు 4

డల్సీ,

కుండీల్లో ఏం పెట్టావు?

సెల్బీ


పీటర్స్ కోవ్
ఆగస్టు 11

సెల్బీకి,

ఇదేం ప్రశ్న? కేప్లిన్ పెట్టాను. ఇంకేం పెడతారు? కుండీకి పదిహేను చేపలు, అడుగున వరసగా పేర్చి, పైన మట్టి. అమ్మ పెట్టింది, అమ్మమ్మ పెట్టింది, బంగాళాదుంపలకూ టర్నిప్పులకూ ఈ ఊళ్ళో అందరూ అదే పెడతారు. ఏ ఎరువో చెప్పకుండా ఆ సంగతి నాకే వదిలేసింది నువ్వు.

చిన్న మొక్క పోయింది. తోటలో పూడ్చాను.

కోపం లేదు కానీ కొంచెం ఉన్న
డల్సీ


ఫోర్ట్ మక్‌ముర్రే
ఆగస్టు 19

అక్కా,

నీ ఉత్తరం పోస్టాఫీసులోనే విప్పాను. 'వరసగా పేర్చి' దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాను. కౌంటరు వెనకున్నామె మంచినీళ్ళు తెచ్చిచ్చింది. హ్యూబర్ట్‌కు చెబితే, మూసిన టెంటులో, వేడి లైటు కింద, ముప్పై పచ్చి చేపలా అని మూడుసార్లు అడిగాడు. వాడిది సస్కాచ్‌వాన్, గోధుమ పొలాల మధ్య పుట్టినవాడికి ఏం తెలుస్తుంది. మన ఊరివాళ్ళు తప్ప ఈ పని ఇంకెవరూ చేయరక్కా.

అది గంజాయి వాసన కాదు. అది కేప్లిన్ కుళ్ళిన వాసన. నెలరోజులుగా దాన్ని నేను పొగుడుతున్నాను. తప్పు నాదే.

ఇప్పుడు చేయాల్సింది విను. పెద్ద మొక్కను కుండీలోంచి తియ్యి, వేళ్ళను గోరువెచ్చని నీళ్ళలో మెల్లగా కడుగు, కొత్త మట్టి వెయ్యి. ఏ ఎరువూ వద్దు. మాడిన ఆకులు తుంచు. కిటికీలన్నీ తెరువు. అది ఆడమొక్క, మొండిది, బతుకుతుంది.

నవ్వుతున్నాను కానీ నవ్వే హక్కు నాకూ లేదులే. ఆ 1981 జూలైలో నేనూ నా మొక్క కింద ఒక బకెట్టు కేప్లిన్ పూడ్చాను. ఎవరికీ చెప్పలేదు. అందుకే మనిషెత్తు పెరిగింది అది. బయట గాలికి వాసన తెలియలేదంతే.

అక్కా అన్నాను, చూశావా. అదీ పోస్టాఫీసులోనే నోట్లోంచి వచ్చేసింది.

సెల్బీ


పీటర్స్ కోవ్
ఆగస్టు 29

తమ్ముడూ,

చూశాను. ఆ ఒక్క మాట దగ్గరే కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

కోత దాకా చెప్పకూడదనుకున్నాను. ఆ బకెట్టు సంగతి చదివాక ఇక నావల్ల కాదు. చెప్పేస్తాను, కూర్చో.

ఆ రోజు నేను బట్టలు ఆరేస్తున్నాను. దుంపల తోటలో ఒక పెద్ద నల్ల కుక్క కనబడింది. క్లారెన్‌విల్ పోలీసాయనది. ఆయన ఊళ్ళోకొచ్చినప్పుడు కారులోంచి దూకి పారిపోయింది. అది సరాసరి నీ మొక్క దగ్గరికెళ్ళి, మొదలు దగ్గర తవ్వడం మొదలుపెట్టింది. మట్టి ఎగిరిపడుతోంది. పోలీసాయన దాన్ని పిలుస్తూ, ఈల వేస్తూ మన కంచె దాటి వస్తున్నాడు. యాభై అడుగులు కూడా లేదు. అప్పట్లో దానికి జైలు, నీకు పంతొమ్మిదేళ్ళు.

నేను పరుగెత్తి మొక్కను రెండు చేతులతో పీకాను. రెండు ముక్కలు చేసి బుట్టలో కుక్కి, పైన నాన్న తడి లాగులు కప్పాను. ఆయన వచ్చాడు. టోపీ తీసి, కుక్క తోట పాడుచేసినందుకు క్షమించమన్నాడు. "బుట్ట బరువుగా ఉన్నట్టుంది, ఇలా ఇవ్వండి," అన్నాడు. వద్దంటే వినలేదు. ఇంటి దాకా ఆయనే మోశాడురా, నీ గంజాయిని. అమ్మ టీ ఇచ్చింది. బుట్టను కాలి పక్కనే పెట్టుకుని, మొలాసిస్ పాకం పోసుకుని మూడు వేపుడు రొట్టెలు తిన్నాడు. అంతసేపూ నేను ఆ బుట్ట మీంచి కళ్ళు తీయలేదు. ఆయన వెళ్ళాక అంతా పొయ్యిలో పెట్టాను.

సాయంత్రం నువ్వు వస్తే చెప్పి, ఇద్దరం పడీ పడీ నవ్వాలనుకున్నాను. నువ్వు వచ్చి, నన్నొక దొంగను చూసినట్టు చూసి, "పీకావా?" అన్నావు. నీ కోసం అంత వణికినదాన్ని, నాకు ఒళ్ళు మండింది. "పీకాను," అన్నాను. ఎందుకు అని అడిగితే చెబుదాంలే అనుకున్నాను. నువ్వు అడగలేదు, మర్నాడు రేవులో పాము అన్నావు. ఇక వాడే అడగాలి అని భీష్మించుకున్నాను. నా పొగరూ తక్కువది కాదు. అమ్మ ఉండగానే ఒక్క ఉత్తరం రాయాల్సింది. అమ్మ ఎన్నిసార్లు అడిగిందో. రాయలేదు, ఆ తప్పు నాది.

అన్ని మొక్కలుండగా ఆ కుక్క నీ మొక్క దగ్గరికే ఎందుకెళ్ళిందో నాకు ఇన్నాళ్ళూ అర్థం కాలేదు. మొన్న నీ ఉత్తరంతో తెలిసింది. చేపలు పెట్టింది నువ్వే.

మొక్క బతికింది. కొత్త ఆకులు రెండు వేసింది.

నీ అక్క
డల్సీ


ఫోర్ట్ మక్‌ముర్రే
సెప్టెంబరు 8

అక్కా,

నీ ఉత్తరం చదివి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. పోలీసాయన బుట్ట మోశాడన్న దగ్గర నవ్వాను, ఆ తర్వాత అది నవ్వు కాదు.

నిన్ను పాము అన్నాను. ఊరందరి ముందు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాననుకో. నలభై రెండేళ్ళు నీ మీద కోపాన్ని అన్నం పెట్టి పెంచాను. ఒక్క మాట, 'ఎందుకు' అని అడిగి ఉంటే అయిపోయేది. నా అంత మూర్ఖుడు ఉండడు.

ఇంకొకటి చెప్పాలి. నువ్వు తిట్టినా పడతాను. నేను పొగ తాగడం మానేసి ముప్పై మూడేళ్ళయింది. గంజాయి, సిగరెట్టు, ఏదీ లేదు, డాక్టరు ఒట్టు వేయించాడు. ఈ సంగతి మొదటి ఉత్తరంలోనే రాయొచ్చు. రాస్తే ఇక మొక్క ఎందుకని నీ ఉత్తరాలు ఆగిపోతాయేమోనని రాయలేదు. నీకు చెప్పిన సలహాల్లో సగం హ్యూబర్ట్‌ని అడిగి రాసినవే.

అయినా దాన్ని ఆపకు. టైమరును పన్నెండు గంటలకు మార్చు. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు కటిక చీకటి, చీకట్లో ఉన్నప్పుడు జిప్పు తీయకు. అప్పుడే పూత వేస్తుంది.

నీ తమ్ముడు
సెల్బీ


పీటర్స్ కోవ్
నవంబరు 26

ఒరేయ్ సెల్బీ,

మానేశావా? నన్ను చర్చిలో బెంచీ మీద ఒంటరిదాన్ని చేసి, ఊరి పిల్లులన్నిటినీ పిచ్చెక్కించి, ట్రిఫీ మొగుణ్ణి నేల కింద పాకించి, నువ్వు ముప్పై మూడేళ్ళ కిందటే మానేశావా? రెండు నెలలు ఈ ఉత్తరం రాయకపోవడానికి అదే కారణం. కోపంతో కాదు, రాద్దామని కూర్చున్న ప్రతిసారీ నవ్వొచ్చి.

కోత అయింది. ఒక్కటే మొక్క, నా నడుమెత్తు, పూత మీద పంచదార చల్లినట్టు తెల్లటి జిగురు. దాన్ని కత్తిరించేటప్పుడు, ఈసారి ఎవరూ కంచె దాటి రావడం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. పొయ్యి పక్కన తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టాను. అంతా కలిపి ఒక చిన్న సీసా నిండింది. ట్రిఫీకి నిజం చెప్పేశాను. అది వాసన చూసి, "ఇంకా చేపల కంపే," అని, మోకాలి నొప్పికి పనిచేస్తుందా అని అడిగింది. నీదని చెప్పి ఇవ్వలేదు.

సీసాను నీ గది కిటికీలో పెట్టాను. టెంటు మడిచేశాను. మంచం దాని చోటికి వచ్చింది, కొత్త దుప్పటి కుట్టి పరిచాను. నువ్వు తాగుతావో, సముద్రంలో పోస్తావో నాకనవసరం. పోస్టులో మాత్రం పంపను. వచ్చి తీసుకో.

అక్క


పీటర్స్ కోవ్, వంటింటి బల్ల మీద
2024 జూలై 3, పొద్దున్న

అక్కా,

కేప్లిన్ వచ్చాయని ట్రిఫీ రోడ్డు మీద కేకలు పెడుతోంది. నువ్వు గాఢ నిద్రలో ఉన్నావు, లేపబుద్ధి కాలేదు. వచ్చి ఆరు రోజులైంది, ఈ ఆరు రోజులూ నన్ను తినిపించి తినిపించి నువ్వే అలసిపోయావు.

బకెట్లు రెండూ నేనే తీసుకెళ్తున్నాను. బోసన్ నాతోనే వస్తున్నాడు. తెచ్చినవన్నీ దుంపల తోటకే, కుండీల జోలికి వెళ్ళను. సీసా కిటికీలో అలాగే ఉంది, పొద్దుటి ఎండ దాని మీద పడుతోంది.

నా గది ఖాళీగా ఉందని చూసి ఇంకేదో ఊహించుకోకు. నేను ఎక్కడికి వెళ్ళానో ఇందులో రాశాను. ఎందుకు వెళ్ళానో మాత్రం వచ్చి అడుగు. ఒడ్డునే ఉంటాను.

సెల్బీ